కోడి మీద కేసు

2025 ఫిబ్రవరి రెండో వారానికల్లా తెలుగునాట కోడి ముద్దాయి అయి కూర్చుంది. పశ్చిమ గోదావరి జిల్లా తణుకు మండలం వేల్పూరులో, తూర్పు గోదావరి జిల్లా పెరవలి మండలం కానూరు అగ్రహారంలో ఫారం కోళ్లు గుట్టలు గుట్టలుగా చచ్చిపోయాయి. జంతువుల ప్రమాదకర వ్యాధులను పరీక్షించే జాతీయ ప్రయోగశాల భోపాల్‌లో ఉంది. నమూనాలు అక్కడికి వెళ్లాయి. 10వ తేదీకి జవాబొచ్చింది. బర్డ్ ఫ్లూ, అందులోనూ హెచ్5ఎన్1 రకం. ఫారాల చుట్టూ కిలోమీటరు మేర కోళ్లన్నిటినీ చంపి పూడ్చాలని, పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టాలని ఆదేశాలు వచ్చాయి. తెలంగాణ సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర ఆంధ్రా కోళ్ల లారీలను వెనక్కి తిప్పేశారు.

గోదావరి జిల్లాల గొడవ మనకెందుకులే అనుకుంటున్న ప్రకాశం జిల్లా పడమటి ప్రాంతానికి, అంటే పశ్చిమ ప్రకాశానికి, వారం తిరక్కుండానే తన సొంత వార్త అందింది. కొమరోలు మండలానికి చెందిన ఒక మహిళ కాళ్లు చచ్చుబడి, గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో చికిత్స పొందుతూ ఫిబ్రవరి 16న చనిపోయింది. డాక్టర్లు చెప్పిన జబ్బు పేరు గులియన్ బారే సిండ్రోమ్. పొట్టిగా జీబీఎస్. అప్పటికి నెల రోజులుగా అదే పేరు పుణె నుంచి టీవీల్లో మోగుతూనే ఉంది. అక్కడ కేసులు రెండు వందలు దాటాయి. పుణె రోగుల విరేచన నమూనాల్లో కోళ్ల పేగుల్లో కాపురముండే ఒక బ్యాక్టీరియా దొరికిందని కూడా పత్రికలు రాశాయి.

ఇంకేం కావాలి? అటు గోదావరిలో కోళ్లు చస్తున్నాయి, ఇటు కొమరోలులో మనిషి పోయింది, మధ్యలో పుణె వార్తలో కోడి పేరు. మూడింటినీ కలిపి కుట్టేశారు. కోడి తింటే కాళ్లు పడిపోతాయంట గదా అనే మాట పుట్టింది. చికెన్ అమ్మకాలు రాష్ట్రమంతటా పడిపోయాయి. పౌల్ట్రీ వాళ్లు గుంటూరులో వండిన చికెన్, ఉడికిన గుడ్లు ఉచితంగా పంచి, తిన్నా ఏమీ కాదని నిరూపించుకోవాల్సి వచ్చింది. అక్కడ మాత్రం జనం విరగబడ్డారట. భయం ధర మీద కూడా కొంత ఆధారపడుతుందన్నమాట.

నిజానికి ఇవి రెండు వేర్వేరు కేసులు. ఒకదాంట్లో నిందితుడు వైరస్, ఇంకోదాంట్లో బ్యాక్టీరియా. ఒకటి కోడిని గంటల్లో చంపుతుంది. రెండోది కోడికి ఈక కూడా రాలనివ్వదు. ఒకటి మనిషి ఊపిరితిత్తుల్లో దిగుతుంది. రెండోది కడుపులో నాలుగు రోజులు అల్లరి చేసి వెళ్లిపోయాక, అసలు నష్టం మన ఒంట్లోని సైన్యమే చేస్తుంది. రెంటినీ ఒకే ఫైలులో కట్టడం వల్ల జరిగిన చెడు ఏమిటంటే, ఆ నెలలో జనం భయపడాల్సిన చోట భయపడలేదు, అక్కర్లేని చోట వణికిపోయారు.

ముందు మొదటి ఫైలు తెరుద్దాం.

హెచ్5ఎన్1 పుట్టుపూర్వోత్తరాలు 1996లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో ఒక పెంపుడు పెద్దబాతు (గూస్) దగ్గర మొదలవుతాయి. ఆ మరుసటి ఏడాది హాంకాంగ్‌లో 18 మందికి సోకి ఆరుగురు చనిపోయారు. మొదటి బాధితుడు మూడేళ్ల బాబు. కోళ్ల వైరస్ నేరుగా మనిషిని చంపగలదని వైద్యలోకం నమ్మింది అప్పుడే. ఆ డిసెంబరు చివర హాంకాంగ్ తన కోళ్లన్నిటినీ కొద్ది రోజుల్లో చంపించేసింది. మన దేశంలో ఆ వైరస్ మొదటిసారి 2006లో మహారాష్ట్రలోని నవాపూర్ ఫారాల్లో బయటపడింది. 2024 ఫిబ్రవరిలో మనకు దగ్గరగా నెల్లూరు జిల్లా పొదలకూరు మండలం చాటగొట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో వచ్చింది. 2003 నుంచి ప్రపంచమంతా కలిపి నమోదైన మనుషుల కేసులు 2025 నాటికి వెయ్యికి కాస్త తక్కువ. వాళ్లలో దాదాపు సగం మంది చనిపోయారు.

సగం మందిని చంపే వైరస్ ఇన్నేళ్లలో వెయ్యి మందికి కూడా సోకలేదంటే దానికి కారణముంది. ఫ్లూ వైరస్ ఏదైనా కణంలోకి చొరబడాలంటే ముందు కణం పైన ఉండే సయాలిక్ ఆమ్లం అనే చక్కెర అణువును పట్టుకోవాలి. పక్షుల పేగుల్లో ఆ చక్కెర ఒక తీరున అతుక్కుని ఉంటుంది, మన ముక్కు, గొంతులో ఇంకో తీరున. పక్షుల ఫ్లూకి మన ముక్కులో పట్టు దొరకదు. పక్షి తరహా చక్కెర మనలోనూ ఉంది గానీ, అది ఊపిరితిత్తుల అట్టడుగున ఉంటుంది. అంత లోతుకు వైరస్ చేరడం కష్టం, చేరిందంటే మనిషి బతకడం కష్టం. అంత లోతున ఉన్న వైరస్ దగ్గుతోనో తుమ్ముతోనో పక్కవాడికి అంటుకోవడం ఇంకా కష్టం. ఈ మూడు కష్టాల వల్లే హెచ్5ఎన్1 ఇంతవరకు మహమ్మారి కాలేదు. ఆ పట్టును మార్చుకునే ఉత్పరివర్తనాలు వస్తే కథ మారుతుంది. శాస్త్రజ్ఞులు కాపలా కాస్తున్నది దానికోసమే. 2024 మార్చిలో అమెరికా పాడి ఆవుల్లో హెచ్5ఎన్1 కనబడినప్పుడు వాళ్లు ఉలిక్కిపడింది కూడా అందుకే.

పశ్చిమ ప్రకాశం వాళ్లకు బాగా తెలిసిన గుంటూరు–నంద్యాల రైలు మార్గం గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్డు, దొనకొండ, వినుకొండ మీదుగా నరసరావుపేట చేరుతుంది. ఆ నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాపను 2025 మార్చి 4న మంగళగిరి ఎయిమ్స్‌లో చేర్చారు. జ్వరం, ఊపిరాడకపోవడం, ఫిట్స్, విరేచనాలు. ముక్కు, గొంతు నమూనాల్లో ఇన్‌ఫ్లుయెంజా-ఎ అని తేలింది. కానీ ఏటా వచ్చే రకాలకు అది సరిపోలలేదు. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థకు పంపారు. మార్చి 16న పాప చనిపోయింది. హెచ్5ఎన్1 అని ఖరారయ్యేసరికి నెలాఖరైంది. మన దేశంలో ఈ వైరస్‌తో చనిపోయిన రెండో మనిషి ఆ పాప. మొదటిది 2021లో, హరియాణా బాలుడు. జబ్బు పడడానికి ముందు ఇంట్లో కూరకు కోస్తున్న కోడిమాంసం నుంచి ఒక పచ్చి ముక్క పాప తిన్నదని తల్లిదండ్రులు అధికారులకు చెప్పారు. అదే మాంసం ఉడికాక మిగిలిన ఇంటిల్లిపాదీ తిన్నారు. వాళ్లెవరికీ ఏమీ కాలేదు.

ఈ ఒక్క విషయం చాలు, మొదటి కేసులో తీర్పు చెప్పేయడానికి. 70 డిగ్రీల వేడి తగిలితే ఆ వైరస్ నాశనమవుతుంది. మన కోడికూర పొయ్యి మీద అంతకు మించి ఎంతోసేపు ఉడుకుతుంది. ప్రమాదం కూరలో లేదు. కూరకు ముందున్న పచ్చి మాంసంలో, చచ్చిన కోడిని చేత్తో పట్టుకోవడంలో, దాని రెట్టలో, ఈకల దుమ్ములో ఉంది. ఫిబ్రవరిలో జనం మానేసింది కూర. పచ్చి మాంసం ముట్టుకున్న చేతుల సంగతి ఎవరూ మాట్లాడలేదు.

రెండో ఫైలు పెద్దది, నా మటుకు నాకు దాంట్లోనే ఎక్కువ ఆసక్తి.

ఆ బ్యాక్టీరియా పేరు కాంపిలోబ్యాక్టర్ జెజునై. సూక్ష్మదర్శినిలో మెలి తిరిగిన చిన్న పురుగులా కనబడుతూ, బొంగరంలా గిరగిరా తిరుగుతుంది. దాని బంధువును మొదట గుర్తించింది మనుషుల్లో కాదు, గొర్రెల్లో. బ్రిటన్‌లో మెక్‌ఫాడియన్, స్టాక్‌మన్ అనే పశువైద్యులు ఈసుకుపోతున్న గొర్రెలను పరీక్షిస్తూ 1913లో దాన్ని పట్టుకున్నారు. ఆ తర్వాత అరవై ఏళ్ల పాటు అది పశువైద్యుల సొత్తుగానే ఉండిపోయింది. మనిషి విరేచనంలో దాన్ని వెతకడానికి కుదరలేదు. కారణం దాని చాదస్తం. మామూలు బ్యాక్టీరియాను పెంచే 37 డిగ్రీల దగ్గర మిగతావన్నీ దాన్ని మించి పెరిగి కప్పేస్తాయి. గాలిలో ఉండే ఆక్సిజన్ దానికి పడదు, అలాగని అసలు లేకపోయినా బతకదు. అయిదు శాతం చాలు.

1977లో ఇంగ్లండ్‌లోని వూస్టర్ పట్టణ వైద్యుడు మార్టిన్ స్కిరో ఒక ఉపాయం చేశాడు. మిగతా బ్యాక్టీరియాను అణిచేసే మూడు యాంటీబయాటిక్‌లు కలిపిన మాధ్యమం తయారుచేసి, దాన్ని నలభై డిగ్రీలు దాటిన వేడిలో, తక్కువ ఆక్సిజన్‌లో ఉంచాడు. 803 మంది విరేచనాల రోగుల్లో 57 మందిలో కాంపిలోబ్యాక్టర్ బయటపడింది. ఇన్నాళ్లూ కళ్ల ముందే ఉన్న జబ్బు ఒక్కసారిగా కొత్త జబ్బయింది. ఇంతకీ అంత వేడి ఎందుకు? కోడి ఒంటి వేడి అటూ ఇటూగా అంతే. వెచ్చటి కోడి పేగు దాని పుట్టిల్లు. అక్కడ గ్రాముకు కోట్లలో ఉంటుంది, కోడికి ఏ ఇబ్బందీ పెట్టదు. గుడ్డు తగ్గదు, బరువు తగ్గదు, కూత మారదు. ఫారం కోడికీ గంప కింది నాటుకోడికీ దీంట్లో తేడా లేదు. గొర్రెలు, మేకలు, పశువుల్లోనూ ఉంటుంది.

అది మనిషికి జబ్బు చేయాలంటే ఎన్ని కావాలి? ఈ ప్రశ్నకు రాబిన్‌సన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు తన మీదే ప్రయోగం చేసుకుని జవాబు చెప్పాడు. గ్లాసు పాలలో 500 బ్యాక్టీరియా కలుపుకుని తాగాడు. నాలుగో రోజుకు కడుపునొప్పి, విరేచనాలు. 1981లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ దాన్ని అచ్చేసింది. పచ్చి కోడిమాంసం నుంచి కారే నీటిలో ఒక్క చుక్క చాలు, 500 ఎక్కించడానికి.

మామూలుగా అయితే కథ అక్కడితో అయిపోతుంది. వారం రోజుల్లో విరేచనాలు తగ్గిపోతాయి. మందు కూడా చాలామందికి అక్కర్లేదు. కానీ సుమారు వెయ్యి మందిలో ఒకరికి, కడుపు కుదుటపడి అంతా మరిచిపోయిన ఒకటి రెండు వారాలకు, కాళ్లలో తిమ్మిర్లు మొదలవుతాయి.

ఆ తిమ్మిర్ల జబ్బును 1916లో, మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా, ఫ్రెంచి సైనిక వైద్యులు జార్జ్ గియాన్, జాన్ అలెగ్జాండర్ బారే, ఆంద్రే స్త్రోల్ ఇద్దరు సిపాయిల్లో వర్ణించారు. మొదటి ఇద్దరి పేర్లే మన పత్రికల్లో గులియన్ బారే అయ్యాయి. స్త్రోల్ పేరు ఎటో పోయింది. వెన్నులో సూది వేసి తీసిన నీటిలో ప్రోటీను ఎక్కువగా ఉండి, కణాలు మాత్రం పెరగకపోవడం వాళ్లు పట్టిన గుర్తు. ఇప్పటికీ డాక్టర్లు చూసేది అదే. అయితే ఈ జబ్బుకూ కోడికీ సంబంధం ఉందని గట్టిగా తేలడానికి ఇంకో డెబ్బై ఏళ్లకు పైగా పట్టింది. ఆ ముడి విప్పిన చోటు చైనా పల్లెలు.

ఉత్తర చైనాలోని హెబెయ్ రాష్ట్రంలో ఏటా ఎండాకాలం వచ్చేసరికి పల్లెటూరి పిల్లలు కాళ్లు చేతులు చచ్చుబడి ఆస్పత్రికి వచ్చేవాళ్లు. పోలియో అనుకోవడానికి లేదు, జ్వరం ఉండదు. అమెరికా నుంచి గై మెక్‌ఖాన్, ఆర్థర్ ఆస్బరీ తదితర నరాల వైద్యులు అక్కడి చైనా వైద్యులతో కలిసి పనిచేశారు. 1991లో లాన్సెట్ పత్రికలో వాళ్ల మొదటి నివేదిక వచ్చింది. తర్వాత 1995 నాటి పరిశీలనలో, చచ్చుబడిన వాళ్లలో మూడింట రెండొంతుల మందికి అంతకు ముందే కాంపిలోబ్యాక్టర్ సోకిన గుర్తులు రక్తంలో దొరికాయి. ఆ పల్లెల్లో కోళ్లు ఇంట్లోనూ వాకిట్లోనూ పిల్లలతో పాటే తిరుగుతాయి. మన కొమరోలు, రాచర్ల, తర్లుపాడు మండలాల్లో ఇల్లు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు హెబెయ్ వాకిలి కొత్తగా అనిపించదు.

కడుపులో బ్యాక్టీరియా ఎక్కడ, కాలి నరం ఎక్కడ? ఆ మధ్యలో ఏం జరిగిందో చూపింది జపాన్ వైద్యుడు నొబుహిరో యుకి. 1990లో ఆయన ఇద్దరు రోగుల్లో ఒక విచిత్రం గమనించాడు. కాంపిలోబ్యాక్టర్ విరేచనాల తర్వాత కాళ్లు చచ్చుబడిన వాళ్ల రక్తంలో, నరాల పైపొరలో ఉండే జీఎం1 అనే కొవ్వు-చక్కెర అణువు మీద దాడి చేసే యాంటీబాడీలు ఉన్నాయి. 1993లో అసలు గుట్టు తేల్చాడు. ఆ బ్యాక్టీరియా తన ఒంటి పైన కప్పుకునే పదార్థపు చివర, అచ్చు జీఎం1 చివరలాగే ఉంటుంది. మన రోగనిరోధక వ్యవస్థ బ్యాక్టీరియాను గుర్తుపట్టి, దాన్ని చంపడానికి యాంటీబాడీలు తయారుచేస్తుంది. పని బాగానే చేస్తాయి. బ్యాక్టీరియా పోయాక కూడా అవి రక్తంలో తిరుగుతూ, అదే పోలికున్న నరాలను శత్రువనుకుని కొరికేస్తాయి. 2004లో యుకి బృందం కుందేళ్లకు ఆ బ్యాక్టీరియా పైపూతను మాత్రమే ఎక్కించి, వాటి కాళ్లు చచ్చుబడేలా చేసి రుజువు పూర్తి చేసింది. బతికున్న బ్యాక్టీరియా ఒక్కటి కూడా అక్కర్లేకపోయింది.

అంటే జీబీఎస్ అంటువ్యాధి కాదు. ఒకరి నుంచి ఒకరికి పాకదు. రోగిని ముట్టుకుంటే రాదు, పక్క మంచంలో పడుకుంటే రాదు. అంటేదల్లా దానికి ముందొచ్చే విరేచనాల బ్యాక్టీరియా, అదీ కలుషిత నీళ్ల ద్వారానో, పచ్చి మాంసం తగిలిన తిండి ద్వారానో. కాంపిలోబ్యాక్టర్ ఒక్కటే కారణం కూడా కాదు. జీబీఎస్ రోగుల్లో దాని వాటా మూడో వంతు దాకా ఉంటుంది. మిగతావాటి వెనక ఫ్లూ, జికా, ఇంకా కొన్ని వైరస్‌లు ఉంటాయి. ఇంకో లెక్క కూడా చూడాలి. ప్రపంచంలో ఎక్కడైనా ఏటా లక్ష మందిలో ఒకరిద్దరికి జీబీఎస్ వస్తుంది. అయిదు కోట్ల ఆంధ్రప్రదేశ్‌లో ఏ అలజడీ లేని ఏడాదిలో కూడా అయిదు వందల నుంచి వెయ్యి మంది దీని బారిన పడతారన్నమాట. 2025కి ముందు కూడా వాళ్లు ఉన్నారు. వార్తల్లో లేరు, అంతే.

వార్డులో ఈ జబ్బును చూడడానికి పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. డాక్టరు రబ్బరు సుత్తి తీసి మోకాలి చిప్ప కింద తడతాడు. మామూలుగా అయితే కాలు ఎగురుతుంది. జీబీఎస్‌లో ఎగరదు. మడమ వెనక కొట్టినా పాదం కదలదు. తర్వాత రోగిని ఒక్క ఊపిరి గట్టిగా పీల్చి ఆగకుండా అంకెలు లెక్కపెట్టమంటాడు. ఒకటి, రెండు, మూడు... ఊపిరి బాగున్న మనిషి నలభై దాకా పోతాడు. పొద్దున ముప్పై దాకా చెప్పిన మనిషి సాయంత్రం పదిహేను దగ్గర ఆగిపోయాడంటే, రొమ్ము కండరాలకు వెళ్లే నరాలు దెబ్బతింటున్నాయని అర్థం. అప్పుడిక గొట్టం వేసే సమయం దగ్గరపడింది. ఆక్సిజన్ శాతం చూపే వేలి పరికరం ఆ సమయానికి కూడా బాగానే ఉన్నట్టు చూపించగలదు. దాన్ని నమ్ముకుంటే మోసపోతారు. రోగుల్లో నాలుగో వంతు మందికి వెంటిలేటర్ కావలసి వస్తుంది. మంచి ఐసీయూ ఉన్నచోట కూడా నూటికి అయిదుగురు దాకా చనిపోతారు. మిగతావాళ్లలో ఎక్కువమంది ఆరు నెలల్లో లేచి నడుస్తారు.

మందు ఉంది. వేలమంది దాతల రక్తం నుంచి వేరుచేసిన ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను రోజుకు కిలో బరువుకు 0.4 గ్రాముల చొప్పున అయిదు రోజులు నరంలోకి ఎక్కిస్తారు. యాభై కిలోల మనిషికి మొత్తం వంద గ్రాములు. అయిదు గ్రాముల సీసాలైతే ఇరవై. బయట కొనాలంటే లక్షల మాట. లేదంటే రక్తంలోని ప్లాస్మాను తీసి మార్చే చికిత్స, ఫలితం రెంటికీ ఒకటే. ఏదైనా మొదటి రెండు వారాల్లో ఇస్తేనే ఎక్కువ మేలు. వాపు తగ్గాలంటే, నొప్పి తగ్గాలంటే ఊళ్లలో వెంటనే గుర్తొచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఈ జబ్బులో పనిచేయవని పరీక్షల్లో ఎప్పుడో తేలిపోయింది. ఆ ఇంజెక్షన్ వేయించుకుని రెండు రోజులు చూద్దామని కూర్చుంటే పోయేది ఆ రెండు రోజులే.

పశ్చిమ ప్రకాశంలో ఈ జాప్యానికి ఇంకో కారణం కూడా ఉందని నా అనుమానం. పొదిలి, కనిగిరి, దర్శి, మార్కాపురం చుట్టుపక్కల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తరాలుగా కీళ్లు పట్టేయడం, కాళ్లు గుంజడం, నడుము వంగడం ఇక్కడి జనానికి అలవాటైపోయింది. కాళ్లలో తిమ్మిరి అని ఒక ఆడమనిషి చెబితే, మన నీళ్లే అంతలే అని ఇంట్లో వాళ్లు కొట్టిపారేస్తారు. ఫ్లోరోసిస్ ఏళ్ల తరబడి నెమ్మదిగా వచ్చేది. జీబీఎస్ రోజుల్లో, ఒక్కోసారి గంటల్లో ఎక్కేది. నిన్న మెట్లెక్కిన మనిషి ఇవాళ చెప్పులో పాదం నిలపలేకపోతే అది ఫ్లోరైడ్ పని కాదు.

ఆ ఫ్లోరైడ్ వల్లే ఈ ప్రాంతంలో ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు ఇంటింటికీ చేరాయి. ఆర్‌వో యంత్రంలోని పొర ఫ్లోరైడ్‌నూ ఆపుతుంది, బ్యాక్టీరియానూ ఆపుతుంది. కానీ యంత్రం దాటాక నీళ్లు చేరే ట్యాంకు, పట్టే గొట్టం, మూత సరిగా కడగని క్యాను ఆ పొర తర్వాత ఉంటాయి. పుణెలో జీబీఎస్ గొడవప్పుడు అధికారులు బావులతో పాటు ప్రైవేటు నీటి ప్లాంట్లను కూడా పరీక్షించి, కొన్నిటిని మూయించారు. ఆర్‌వో నీళ్లు కాబట్టి భయం లేదనుకోవడం కుదరదు. కాంపిలోబ్యాక్టర్ నిజానికి సుకుమారి. క్లోరిన్‌కు చస్తుంది, ఆరబెడితే చస్తుంది, మరిగిస్తే చెప్పనే అక్కర్లేదు. పంచాయతీ ట్యాంకులో బ్లీచింగ్ పౌడరు సరిగా కలిపిన నీళ్లు, క్లోరిన్ వాసన వస్తోందని జనం తిట్టుకునే ఆ నీళ్లే, ఈ విషయంలో మెరుగు.

ఇక వంటింటికి వద్దాం. ఆదివారం చికెన్ కొట్టు దగ్గర ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. కోడిని కోసి డ్రమ్ములో పడేస్తారు, కాసేపు దబదబా కొట్టుకుంటుంది. ఈకలు తీసే యంత్రంలో తిప్పుతారు, పేగులు లాగేస్తారు, అదే మొద్దు మీద అదే కత్తితో ముక్కలు కొడతారు. పేగు తెగిన ప్రతిసారీ దాంట్లోని కోట్ల బ్యాక్టీరియా మొద్దు మీదికి, కత్తికి, ముక్కలకు పాకుతుంది. నల్ల కవరులో ఇంటికొచ్చాక మనం శుభ్రత కోసమని చేసేది ఇంకో తప్పు. కుళాయి కింద ధారగా ముక్కలు కడుగుతాం. ఆ ధారకు చింది పడే తుంపరలు అటు మూరెడు దూరంలో ఉన్న కొత్తిమీర కట్ట మీద, ఉల్లిపాయల మీద, గ్లాసు మీద పడతాయి. బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ 2014లో పచ్చి కోడిని కుళాయి కింద కడగవద్దని ప్రచారమే చేసింది. మనవాళ్లకు కడగకుండా వండమంటే మనసొప్పదు. ఒప్పకపోతే గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా కడిగి, ఆ నీళ్లు తుళ్లకుండా పారబోయండి. ఉప్పూ పసుపూ పట్టించినంత మాత్రాన ఆ బ్యాక్టీరియా చావదు. కోడి కోసిన కత్తిపీట మీద సబ్బుతో కడగకుండా టమాటా కోసి పెరుగు పచ్చడి చేశారంటే, ఉడికిన కూర నిర్దోషి, ఉడకని పచ్చడి నేరస్తురాలు.

తీర్పు ఇదీ. కూరలో ఉన్న కోడి రెండు కేసుల్లోనూ నిర్దోషి. పచ్చి మాంసం, దాన్ని ముట్టుకున్న చేయి, కత్తిపీట, చచ్చిన కోడిని ఉట్టిచేతులతో ఎత్తడం, క్లోరిన్ లేని నీళ్లు, వీటిమీద కేసు నిలబడుతుంది. కోళ్లు ఒక్కసారిగా చావడం మొదలైతే వాటిని కోసుకు తినడం గానీ, చవగ్గా అమ్మేయడం గానీ, వాగులో పడేయడం గానీ చేయకుండా పశువైద్యాధికారికి చెప్పాలి.

మీ ఇంట్లో ఎవరికైనా విరేచనాలో జ్వరమో తగ్గిన రెండు మూడు వారాల లోపు రెండు కాళ్లలోనూ ఒకేసారి తిమ్మిర్లు మొదలై, నడక తడబడుతూ, బలహీనత పైపైకి పాకుతుంటే ఆలస్యం చేయకండి. మాట్లాడుతూ మధ్యలో ఊపిరి కోసం ఆగుతున్నా, మింగుతుంటే పొరబోతున్నా అసలు చేయకండి. ఏ ఇంజెక్షనూ వేయించకుండా 108కి ఫోన్ చేసి, వెంటిలేటర్ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లమని అడగండి. గిద్దలూరు నుంచి ఒంగోలుకు వెళ్లాలన్నా, గుంటూరుకు వెళ్లాలన్నా వంద కిలోమీటర్లు దాటే ఉంటుంది. కాబట్టి తెల్లారేదాకా ఆగుదామనుకోకుండా ఆ రాత్రే బయల్దేరండి.